కాంట్రాక్ట్ జాబ్ ఆఫర్ వచ్చిందా? నెల జీతం చూసి ఓకే చెప్పేయకండి.. ముందు ఇవి అడగండి!

"కాంట్రాక్ట్ రోల్ అండీ.. ఓకేనా?" ఐటీలో జాబ్ వెతుక్కుంటున్నవాళ్లకి రిక్రూటర్ల నుంచి ఈ మాట తరచూ వినిపిస్తుంది. కూర్చునేది మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో పెద్ద కంపెనీ ఆఫీసులోనే. పని కూడా ఆ కంపెనీదే. జీతం ఇచ్చేది మాత్రం వేరే సంస్థ. ప్రస్తుత జీతం కంటే ఓ ఇరవై, ముప్పై వేలు ఎక్కువ అనగానే చాలామంది వెంటనే ఓకే చెప్పేస్తారు. మూడు నెలలకే ప్రాజెక్ట్ ఆగిపోయి, "వచ్చే శుక్రవారం మీ లాస్ట్ డే" అని మెయిల్ వచ్చినప్పుడు ఆఫర్ లెటర్ తెరిచి చూసుకుంటారు. అప్పటికి ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు నెత్తిమీద ఉంటాయి.

కాంట్రాక్ట్ జాబ్ చెడ్డదని కాదు. అనుభవం ఉన్నవాళ్లకి ఇందులో మంచి డబ్బులే వస్తాయి, కొత్త టెక్నాలజీ మీద పనిచేసే ఛాన్స్ కూడా దొరుకుతుంది. కాకపోతే ఇక్కడ ఇంటర్వ్యూ రెండు వైపులా జరగాలి. వాళ్లు మిమ్మల్ని ఎంత పరీక్షిస్తారో, మీరూ వాళ్లని అంత ప్రశ్నించాలి. అది ఎలాగో చూద్దాం.

మధ్యలో ఎంతమంది ఉన్నారు?

కాంట్రాక్ట్ జాబ్‌లో కనీసం ముగ్గురు ఉంటారు. పని ఇచ్చే క్లయింట్, మిమ్మల్ని పేరోల్‌లో పెట్టుకునే వెండర్, మీరు. కొన్నిసార్లు వెండర్ కింద ఇంకో సబ్ వెండర్ కూడా ఉంటాడు. క్లయింట్ ఇచ్చే డబ్బులో మధ్యవాళ్ల వాటా పోగా మిగిలిందే మీ జీతం. అంటే మధ్యలో మనుషులు పెరిగేకొద్దీ మీ చేతికి వచ్చేది తగ్గుతుంది. అందుకే మొదటి ఫోన్ కాల్‌లోనే అడగండి. "క్లయింట్ ఎవరు? మీరు డైరెక్ట్ వెండరేనా? నేను ఎవరి పేరోల్‌లో ఉంటాను?"

ఇంకో ముఖ్యమైన విషయం. ఒకే రోల్‌కి ఇద్దరు వెండర్ల ద్వారా మీ రెజ్యూమె వెళ్తే, ఈ గొడవ మనకెందుకని క్లయింట్ రెండూ పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. అందుకే క్లయింట్ పేరు, రోల్, రేటు రాసి మెయిల్ పంపమనండి. అది చూశాకే "పంపండి" అని జవాబివ్వండి. ఏ వెండర్‌కి ఏ రోల్ కోసం ఓకే చెప్పారో, ఏ తేదీన చెప్పారో ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి.

ఇంటర్వ్యూకి ప్రిపరేషన్ ఎలా?

పర్మనెంట్ జాబ్ ఇంటర్వ్యూలో "ఈ మనిషి రెండు మూడేళ్లలో ఎలా ఎదుగుతాడు" అని కూడా చూస్తారు. కాంట్రాక్ట్‌లో చూసేది ఒక్కటే.. సోమవారం జాయిన్ అయితే ఎన్ని రోజుల్లో పని మొదలుపెట్టగలరు? మీ ప్రిపరేషన్ అంతా ఈ ప్రశ్నకి జవాబు చెప్పేలా ఉండాలి.

* జాబ్ డిస్క్రిప్షన్‌లో పది స్కిల్స్ ఉంటే, నిజంగా కావాల్సినవి మూడో, నాలుగో ఉంటాయి. అవేంటో వెండర్‌ని అడగండి. "ఈ రోల్ ఎందుకు వచ్చింది? ఎవరైనా మానేశారా, కొత్త ప్రాజెక్టా?" అని కూడా అడగండి. ఏం చదువుకుని వెళ్లాలో దాంతో సగం తేలిపోతుంది.

* మీరు చేసిన పనుల్లోంచి రెండు మూడు ఉదాహరణలు సిద్ధంగా పెట్టుకోండి. సమస్య ఏంటి, అందులో మీరు చేసిందేంటి, చివరికి ఏం మారింది.. ఒక్కోటి రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. "మా టీమ్ చేసింది" అని ఆపేస్తే అవతలివాళ్లకి మీ గురించి ఏమీ తెలియదు. "నేను చేసింది ఇది" అని విడిగా చెప్పండి.

* పాత క్లయింట్ కోడ్, డేటా, స్క్రీన్‌షాట్లు మాత్రం చూపించొద్దు. వాళ్ల రహస్యాలు ఇక్కడ చెప్పేవాళ్లు రేపు మన రహస్యాలు ఇంకోచోట చెప్తారనే అనుకుంటారు. లీగల్‌గా కూడా చిక్కే.

* తెలియని టూల్ గురించి అడిగితే "అది వాడలేదు, దానికి దగ్గరగా ఉండే ఇది వాడాను" అని చెప్పడమే మంచిది.

రెజ్యూమెలో లేని అనుభవం రాయడం, మన బదులు ఇంకొకరు మాట్లాడటం లాంటి పనులు అస్సలు వద్దు. వీడియో రౌండ్‌లో మాట్లాడిన మనిషే జాయినింగ్ రోజు వచ్చాడా లేదా అని పోల్చి చూసే కంపెనీలున్నాయి. మీ యూఏఎన్ నంబర్ కింద ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నారో పీఎఫ్ రికార్డుల్లో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తేడా దొరికితే ఈ ఆఫర్ పోవడమే కాదు, ఆ వెండర్ దగ్గర మళ్లీ ఛాన్స్ ఉండదు.

చివర్లో "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అంటే..

"ఏమీ లేవండీ" అనొద్దు. క్లయింట్ మేనేజర్‌తో నేరుగా మాట్లాడే అవకాశం చాలాసార్లు అదొక్కటే. మొదటి నెలలో నా నుంచి ఏం ఆశిస్తున్నారు? టీమ్‌లో కాంట్రాక్ట్ వాళ్లు ఎంతమంది, వాళ్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నారు? ఈ ప్రాజెక్ట్‌కి బడ్జెట్ ఎప్పటివరకు ఓకే అయింది? షిఫ్ట్ టైమింగ్స్ ఏంటి, రాత్రిపూట ఆన్‌కాల్ ఉంటుందా? ఈ నాలుగూ అడగండి.

ఆరు నెలల కాంట్రాక్ట్ అంటూనే బడ్జెట్ ఈ మూడు నెలలకే ఉందంటే, మీది మూడు నెలల జాబ్ అని లెక్కేసుకోండి. అదే టీమ్‌లో రెండేళ్లుగా కాంట్రాక్ట్ వాళ్లు కొనసాగుతున్నారంటే అది మంచి సూచనే. జీతం, సెలవుల సంగతి మాత్రం క్లయింట్‌ని అడగొద్దు. అది వెండర్‌తో తేల్చుకోవాలి.

లెక్క ఇలా వేయండి

ఒక ఉదాహరణ చూద్దాం. మీ ముందు రెండు ఆఫర్లున్నాయి. ఒకటి ఏడాదికి రూ.12 లక్షల సీటీసీతో పర్మనెంట్ జాబ్. రెండోది నెలకి రూ.1.20 లక్షల కాంట్రాక్ట్. పైకి చూస్తే కాంట్రాక్ట్ ఏడాదికి రూ.14.40 లక్షలు. అంటే రూ.2.40 లక్షలు ఎక్కువ.

ఇప్పుడు తీసేయాల్సినవి తీసేద్దాం. ఒక కాంట్రాక్ట్ అయిపోయి ఇంకోటి దొరికేలోపు ఒక నెల ఖాళీ అనుకుంటే రూ.1.20 లక్షలు పోయాయి. పెయిడ్ లీవ్స్ లేకపోతే, నెలకి 22 పనిరోజుల లెక్కన పది రోజుల సెలవుకి దాదాపు రూ.54,500. కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ సొంతంగా కట్టుకుంటే రూ.25,000 అనుకుందాం. మిగిలింది రూ.12.40 లక్షలు. ఖాళీ రెండు నెలలైతే రూ.11.20 లక్షలే!

పర్మనెంట్ సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసే ఉంటాయి, అంతా చేతికి రాదు.. నిజమే. అయితే కాంట్రాక్ట్ ఆఫర్‌లోనూ కంపెనీ వాటా పీఎఫ్ మీ రూ.1.20 లక్షల్లోంచే కట్ చేస్తున్నారేమో చూడాలి. అందుకే "నెలకి ఎంత?" అని కాదు, "అన్నీ పోను అకౌంట్‌లో ఎంత పడుతుంది?" అని అడగండి. మీ అంకెలతో మీరే ఈ లెక్క వేసి చూసుకోండి. అన్నీ తీసేశాక కూడా కాంట్రాక్ట్ మీదే ఎక్కువ మిగులుతుంటే, మూడు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటే, ధైర్యంగా వెళ్లొచ్చు.

సంతకం పెట్టేముందు రాతలో చూడాల్సినవి

1. నోటీస్ పీరియడ్: మీరు మానేయాలంటే 60 రోజులు, వాళ్లు తీసేయాలంటే 7 రోజులు అని ఉందా? ఇద్దరికీ ఒకటే ఉండేలా అడగండి. ఒప్పుకోకపోతే కనీసం వాళ్ల వైపు 30 రోజులకి బేరమాడండి.

2. జీతం తేదీ: "క్లయింట్ నుంచి డబ్బులు వచ్చాకే జీతం" అనే లైన్ ఉందేమో చూడండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కూడా అందులో ఉంది.

3. పీఎఫ్: జాయిన్ అయిన రెండో నెలలో యూఏఎన్ పాస్‌బుక్ చూసుకోండి. కంపెనీ పీఎఫ్ డబ్బులు తర్వాతి నెల 15లోపు జమ చేయాలి. జీతంలో కట్ అయి పాస్‌బుక్‌లో కనిపించకపోతే వెంటనే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి.

4. గ్రాట్యుటీ: కొత్త లేబర్ కోడ్స్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకి ఐదేళ్లు కాదు, ఏడాది సర్వీస్‌కే గ్రాట్యుటీ వస్తుంది. కానీ ప్రతి కాంట్రాక్ట్ జాబ్ ఫిక్స్‌డ్ టర్మ్ కాదు. మీ లెటర్‌లో ఏమని రాశారో చూసి, హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి.

5. పర్మనెంట్ చేస్తామన్న మాట: "ఆరు నెలలకి కన్వర్ట్ చేస్తాం" అని నోటితో చెప్తే అది హామీ కాదు. లెటర్‌లో కూడా "చేయవచ్చు" అనే ఉంటుంది, "చేస్తాం" అని ఉండదు. గతంలో ఎంతమందిని చేశారో అడగండి. కన్వర్ట్ అయితే బోనస్‌గా అనుకోండి, దాని మీద లోన్ మాత్రం తీసుకోవద్దు.

6. బాండ్, షరతులు: ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దనే షరతు భారత కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 27 ప్రకారం సాధారణంగా చెల్లదు. కానీ మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే బాండ్ వేరే సంగతి. అది చెల్లుబాటు అయ్యే అవకాశం ఉంది. మొత్తం ఎంతో చూడకుండా సంతకం వద్దు.

ఫ్రీలాన్స్ కన్సల్టెంట్‌గా తీసుకుంటామంటే?

అప్పుడు మీరు ఉద్యోగి కాదు. జీతం ఉండదు, ఇన్‌వాయిస్ ఉంటుంది. పీఎఫ్ ఉండదు. ప్రొఫెషనల్ ఫీజు మీద సాధారణంగా 10 శాతం టీడీఎస్ కట్ అవుతుంది. రిటర్న్స్ వేస్తే అది మీ ట్యాక్స్‌లో సర్దుబాటు అవుతుంది. టీడీఎస్ పోను ఇంకా రూ.10,000 లేదా అంతకంటే ఎక్కువ ట్యాక్స్ తేలేలా ఉంటే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇక్కడ పెద్ద తలనొప్పి పేమెంట్ లేట్ అవ్వడం. దీనికో రక్షణ ఉంది. ఉద్యం పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ అయిన సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం చెప్తోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. పని మొదలుపెట్టక ముందే రిజిస్టర్ చేసుకుని, ఇన్‌వాయిస్ మీద ఆ నంబర్ వేయండి.

ఇవి కనిపిస్తే పక్కకి తప్పుకోండి

ఇంటర్వ్యూ కోసమో, ట్రైనింగ్ కోసమో ముందు డబ్బులు కట్టమంటే అది జాబ్ కాదు. బ్యాక్‌డోర్ ఉద్యోగాలంటూ లక్షలు వసూలు చేసి బోర్డు తిప్పేసిన సంస్థల గురించి హైదరాబాద్‌లో ఎన్నిసార్లు విన్నామో తెలిసిందే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమన్నా, క్లయింట్ పేరు ఆఖరి వరకు చెప్పకపోయినా, "ఈ రోజే సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది" అని తొందరపెట్టినా ఆగండి. ఆన్‌లైన్‌లో ఇప్పటికే డబ్బు కట్టి మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

చివరగా ఒక్క మాట. ఫోన్‌లో రిక్రూటర్ చెప్పినవన్నీ మీరే ఒక మెయిల్‌లో రాసి, "మనం మాట్లాడుకున్నది ఇదే కదా, కన్ఫర్మ్ చేయండి" అని పంపండి. ఐదు నిమిషాల పని. అవతలివాళ్లు "అవును" అని జవాబిస్తే మీ చేతిలో ఒక ఆధారం ఉన్నట్టే. ఇవ్వకపోతే ఆ ఆఫర్ గురించి ఇంకోసారి ఆలోచించుకోవాల్సిందే.