గిడ్డంగి ఎక్కడ కట్టాలి?

మూడు ఊళ్ళు ఉన్నాయనుకోండి. మూడింటికీ ఎరువుల బస్తాలు పంపడానికి ఒక గిడ్డంగి కట్టాలి. స్థలం మీరే చూపించాలి. "మూడింటికీ సమాన దూరంలో" అంటారు కదూ! ఏటా మా తరగతిలో వచ్చే జవాబూ అదే. అది సరికాదు. ఎందుకో ఒక ప్రయోగం చేసి చూద్దాం.

పలచని చెక్క మీద మూడు ఊళ్ళనూ పటంలో ఉన్నట్టే గుర్తించి, ఆ చోట్ల రంధ్రాలు చేయండి. అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లేకపోతే దారం ఇరుక్కుంటుంది. మూడు దారాలను ఒక చిన్న ఉంగరానికి కట్టి, ఉంగరాన్ని చెక్క మీద ఉంచి, దారాల కొనలను రంధ్రాలలోంచి కిందికి వదలండి. ఏ ఊరికి ఎన్ని లారీల సరుకు కావాలో చూసి, లారీకి 50 గ్రాముల చొప్పున ఆ ఊరి దారానికి బరువు కట్టండి. చెక్కను రెండు బల్లల మధ్య మట్టంగా నిలిపి, వేలితో తడుతూ ఉండండి. ఉంగరం జరిగి జరిగి ఒకచోట ఆగుతుంది. గిడ్డంగి అక్కడే!

దారాలకు లెక్కలెలా తెలుసు? బరువులు వీలైనంత కిందికి దిగాలని చూస్తాయి. బరువు దిగితే చెక్క మీది దారం పొడవు తగ్గుతుంది. ఆ పొడవే గిడ్డంగికీ ఊరికీ మధ్య దూరం. స్థితిశక్తి కనిష్ఠమైనచోట, ప్రతి ఊరి సరుకునూ దాని దూరంతో గుణించి కూడితే వచ్చే మొత్తం కూడా కనిష్ఠమే. అంటే లారీల ఖర్చు అతి తక్కువన్నమాట. ఈ పరికరాన్ని ఫ్రెంచి గణితవేత్త వారిన్యోన్ పేరుతో పిలుస్తారు.

ఇప్పుడు ఒక దారానికి 250 గ్రాములు, మిగిలినవాటికి 100 గ్రాముల చొప్పున కట్టండి. ఉంగరం వెళ్ళి పెద్ద ఊరి రంధ్రం మీదే కూర్చుంటుంది! చిన్న ఊళ్ళు ఎంత దూరాన ఉన్నా అది కదలదు.

నిజానికి రోడ్లు దారాల్లా తిన్నగా ఉండవు. వాతావరణమూ చూడాలి. అమెరికాలో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ సంస్థ 1973లో విమానాల్లో పార్సెళ్ళు పంపడం మొదలుపెట్టినప్పుడు మెంఫిస్ నగరాన్ని కేంద్రంగా ఎంచుకుంది. అది తాము సేవలందించదలచిన నగరాలకు నడుమ ఉండటమేగాక, వాతావరణం వల్ల అక్కడి విమానాశ్రయం మూతపడటం అరుదు.

మరి గిడ్డంగిలో ఉన్నవి ఎరువులు కాక పాముకాటు మందులైతే? పెద్ద ఊళ్ళోనే ఉంచితే దూరపు చిన్న ఊరి మనిషి గతి ఏమిటి? ఇక్కడ తగ్గించవలసింది మొత్తం ఖర్చు కాదు, అందరికన్నా దూరాన ఉన్నవారి ప్రయాణం. అప్పుడు మా పిల్లల జవాబే ఒప్పు: మూడు ఊళ్ళ మీదుగా పోయే వృత్తపు కేంద్రం! అయితే త్రిభుజంలో ఒకటి అధికకోణమైతే ఆ కేంద్రం బయట పడుతుంది. అప్పుడు అన్నిటికన్నా పొడవైన భుజం మధ్యబిందువును తీసుకోవాలి. వృత్తలేఖినితో గీసి చూడండి.