వంద కోట్ల డాలర్లు, 175 ఓట్లు

జేబులో డబ్బుతో శ్వేతసౌధం దారి పట్టిన బ్లూమ్‌బర్గ్‌ను 2020లో ఆపింది డబ్బు కాదు, మూడు రోజుల మంత్రాంగం

పసిఫిక్ మహాసముద్రంలోని అమెరికన్ సమోవా దీవులవారికి అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ దశలో మాత్రం ఉంది. 2020 మార్చి 3న అక్కడ ఓటేసిన డెమోక్రాట్లు 351 మంది. వారిలో 175 మంది న్యూయార్క్ మాజీ మేయర్ మైఖేల్ బ్లూమ్‌బర్గ్‌ వైపు నిలిచారు. ఆ దీవుల్లోనే పుట్టిన తులసి గబ్బార్డ్ రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. అదే రోజు పోలింగ్ జరిగిన 14 రాష్ట్రాల్లో బ్లూమ్‌బర్గ్‌ ఒక్కటీ గెలవలేదు. మర్నాడే బరిలోంచి తప్పుకున్నారు. నూటొక్క రోజుల ఆ ముచ్చటకు అయిన ఖర్చు వంద కోట్ల డాలర్ల పైచిలుకు. నాటి లెక్కన రూ.7,000 కోట్లకు పైమాటే. అంతా సొంత సొమ్మే.

ఇంత ఖర్చు చట్టబద్ధమేనా అన్న అనుమానం మన పాఠకుడికి రావడం సహజం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు పోటీ చేసిన అభ్యర్థి కాగితం మీదైనా రూ.70 లక్షలు దాటకూడదు (దాటలేదని నమ్మేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి). అమెరికాలో వ్యవహారం తిరగబడి ఉంటుంది. ఇతరులెవరైనా ఒక అభ్యర్థికి ఇవ్వగలిగింది 2020 ప్రైమరీల్లో తలకు 2,800 డాలర్లే. అభ్యర్థి తన డబ్బు తాను పెట్టుకుంటే మాత్రం పరిమితి లేదు. సొంత ఖర్చుకు కళ్లెం వేయడం భావప్రకటన స్వేచ్ఛను హరించడమేనని 1976లో బక్లీ వర్సెస్ వాలియో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కోటీశ్వరులకు ఆ తీర్పే రాజమార్గం. ఆ దారిలో నడిచినవారు బ్లూమ్‌బర్గ్‌కు ముందూ ఉన్నారు. పత్రికాధిపతి స్టీవ్ ఫోర్బ్స్ 1996లో కోట్లు గుమ్మరించి రెండు రాష్ట్రాలు గెలిచారు, అక్కడితో ఆగిపోయారు.

బ్లూమ్‌బర్గ్‌ లెక్క వేరు. ఆర్థిక సమాచార వ్యాపారంతో 6,000 కోట్ల డాలర్లకు మించిన ఆస్తి కూడబెట్టిన ఆయనకు పార్టీలు మారడం కొత్త కాదు. డెమోక్రాట్‌గా ఉండి 2001లో రిపబ్లికన్‌గా మేయర్ అయ్యారు. 2007లో స్వతంత్రుడయ్యారు. 2018లో మళ్లీ డెమోక్రాట్. 2019 నవంబరు 24న రంగంలోకి దిగేనాటికి మిగతావారు నెలల తరబడి అయోవా పల్లెల్లో, న్యూ హాంప్‌షైర్ చలిలో చేతులు కలుపుతూ తిరుగుతున్నారు. ఆయన తొలి నాలుగు రాష్ట్రాలనూ వదిలేసి, ఒకేసారి మూడోవంతు ప్రతినిధులు తేలే ‘సూపర్ ట్యూస్‌డే’ మీద గురిపెట్టారు. టీవీ పెడితే ఆయన ప్రకటనే. క్షేత్రస్థాయి కార్యకర్తకు నెలకు 6,000 డాలర్ల జీతం. ప్రత్యర్థి శిబిరాలు ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. ఏళ్లుగా ఆయన దాతృత్వ సంస్థ నుంచి నిధులో శిక్షణో అందుకున్న నగరాల మేయర్లు కొందరు ఒక్కొక్కరుగా మద్దతు పలికారు. ఇందులో లంచం ఉందని ఎవరూ నిరూపించలేదు. అయితే కృతజ్ఞత కూడా రాజకీయ పెట్టుబడేనని ఆయనకు తెలియదనుకోవడం అమాయకత్వం.

ఫిబ్రవరి 3న అయోవాలో ఓట్ల లెక్కింపు యాప్ మొరాయించి ఫలితాలు గందరగోళంలో పడగానే బ్లూమ్‌బర్గ్‌ ప్రకటనల ఖర్చు రెట్టింపు చేయమన్నారు. అంతకు మూడు రోజుల ముందే మరో వరం దొరికింది. టీవీ చర్చలో పాల్గొనాలంటే నిర్ణీత సంఖ్యలో దాతలు ఉండాలన్న నిబంధనను పార్టీ జాతీయ కమిటీ ఎత్తేసింది. ఎవరి దగ్గరా చందా పుచ్చుకోని ఆయనకు అదొక్కటే అడ్డు. కుబేరుడి కోసం రూల్సు మారుస్తారా అని శాండర్స్ వర్గం భగ్గుమంది.

చిత్రమేమంటే, పోరి తెచ్చుకున్న ఆ వేదికే కొంప ముంచింది. ఫిబ్రవరి 19న లాస్ వెగాస్‌లో ఎలిజబెత్ వారెన్ మొదటి నిమిషాల్లోనే ఆయనపై విరుచుకుపడ్డారు. మహిళల గురించి ఆయన అన్నట్టు చెబుతున్న మాటలు ఏకరువు పెట్టారు. ఆయన సంస్థలో పనిచేసిన మహిళలతో చేసుకున్న గోప్యతా ఒప్పందాల నుంచి వారిని విముక్తం చేస్తారా అని నిలదీశారు. ఆయన తడబడ్డారు. ప్రకటనల్లో దీటైన నాయకుడిగా కనిపించిన మనిషి కోటి తొంభై లక్షలకు పైగా ప్రేక్షకుల ముందు చిరాకు పడే యజమానిలా తేలారు. రెండు రోజులకు ముగ్గురిని విముక్తం చేస్తామన్నా అప్పటికే ఆలస్యమైంది. తర్వాతి చర్చలో, 2018లో తన డబ్బుతో గెలిచిన కాంగ్రెస్ సభ్యుల ప్రస్తావన తెస్తూ ‘కొన్...’ అన్నట్టు వినిపించిన మాటను సగంలో మింగేసి, ‘గెలిపించాను’ అన్న అర్థం వచ్చేలా సర్దుకున్నారు. హాస్య కార్యక్రమాలకు అంతకన్నా ఏం కావాలి?

అసలు ఎత్తుగడ మరోచోట సాగింది. వామపక్ష ధోరణి శాండర్స్‌ను ఆపగలిగేది తానొక్కడినేనన్నది బ్లూమ్‌బర్గ్‌ వాదన. అయితే ఫిబ్రవరి 26న దక్షిణ కెరొలినా నల్లజాతి నేత జిమ్ క్లైబర్న్ జో బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. 29న బైడెన్ అక్కడ భారీ ఆధిక్యంతో గెలిచారు. మార్చి 1న పీట్ బుటిజెజ్, 2న ఏమీ క్లోబుచర్ తప్పుకొని ఆ రాత్రే డాలస్‌లో బైడెన్ పక్కన నిలబడ్డారు. చేతిలో పెద్దగా డబ్బులేని బైడెన్ మర్నాడు పది రాష్ట్రాలు గెలిచారు. అందులో ఆయన అడుగే పెట్టని మినెసోటా ఒకటి. కోట్లు పోసిన ప్రకటనలకు లేని విలువ పోటీదారులు పక్కకు జరిగి ఇచ్చిన చోటుకు దక్కింది.

ఇలాంటి దెబ్బ 2008లో మరో సంపన్నుడు మిట్ రామ్నీకీ తగిలింది. పశ్చిమ వర్జీనియా రిపబ్లికన్ సభలో తొలి రౌండు ఆయనదే. రెండో రౌండులో మెకెయిన్ మనుషులు మూకుమ్మడిగా హకబీకి ఓటేసి రామ్నీని పడగొట్టారు. రెండు రోజుల్లో ఆయన పోటీ వదులుకున్నారు.

బ్లూమ్‌బర్గ్‌ శిబిరంలో లెక్కలు అక్కడితో ముగియలేదు. తాము ఓడినా నవంబరు వరకు పని ఉంటుందన్న భరోసాతో చేరామని చెప్పుకున్న సిబ్బందిని మార్చిలోనే తొలగించారు. కొందరు కోర్టుకెక్కారు. ట్రంప్‌ను ఓడించడానికి సొంతంగా వేరే సంస్థ పెడతామన్న ఆలోచనా అటకెక్కింది. బదులుగా ప్రచార కమిటీ ఖాతాలో మిగిలిన 1.8 కోట్ల డాలర్లు పార్టీ జాతీయ కమిటీకి మళ్లించారు. 2020లో మామూలు పౌరుడు ఆ కమిటీ సాధారణ ఖాతాకు ఏడాదికి ఇవ్వగలిగింది 35,500 డాలర్లు. అభ్యర్థి కమిటీకి ఆ పరిమితి వర్తించదు. ఆ ఖాతాలో ఉన్నదంతా బ్లూమ్‌బర్గ్‌ సొమ్మే.