మీకు తెలుసా? జొన్నలో జింకు ఉన్నా ఒంటికి అంతగా పట్టదు!
కర్నూలు, కడప నల్లరేగడిలో సున్నం, క్షారగుణం ఎక్కువైన చోట జింకు నేలలో ఉన్నా వేళ్లకు సరిగా అందదు. ఆ లోటు గింజకూ చొప్పకూ చేరుతుంది. జింకు చాలకపోతే పశువుల చర్మం, గిట్టలు దెబ్బతింటాయి. పిల్లల ఎదుగుదల మందగిస్తుంది. జొన్నలు, కొర్రలు తినే రాయలసీమకు ఖనిజాల కొరతేమిటని అడగొచ్చు. గింజలో జింకు ఉన్నమాట నిజమే, కానీ అందులోని ఫైటిక్ ఆమ్లం దాన్ని పేగుల్లో పూర్తిగా ఇంకనివ్వదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పురుషులకు రోజుకు 17 మిల్లీగ్రాముల జింకు సూచించినప్పుడు ఈ అడ్డంకినీ లెక్కలోకి తీసుకుంది. నానబెట్టి మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఫైటిక్ ఆమ్లం పట్టు సడలుతుంది. మాత్రలు మింగితే చాలదా? మోతాదు మించి చాలాకాలం వాడితే ఒంటికి రాగి సరిగా అందదు. అందుకే ముందు నేలను సరిచేయాలి. రైతులారా, భూసార పరీక్ష పత్రంలో జింకు ఎంతుందో చూసి, లోటుంటేనే జింకు సల్ఫేటు వేయండి.