కొలువు చేస్తూనే డాక్టరేట్‌

ప్రభుత్వ పాలనాశాస్త్రంలో పరిశోధనకు దారేది?
సీమ ఉద్యోగులు ముందుగా తెలుసుకోవలసినవి

కర్నూలు, కడప: తహసీల్దారు కార్యాలయంలోనో, మండల పరిషత్తులోనో పది పదిహేనేళ్లు పనిచేసిన ఉద్యోగికి పాలనలోని లోటుపాట్లు పుస్తకం చదివినవారికన్నా బాగా తెలుస్తాయి. ఆ అనుభవాన్ని పరిశోధనగా మలచి డాక్టరేట్‌ అందుకోవాలన్న ఆకాంక్ష సహజమే. అయితే విదేశాల్లో ఇచ్చే వృత్తిపరమైన డాక్టరేట్‌ వేరు, మన విశ్వవిద్యాలయాలిచ్చే పీహెచ్‌డీ వేరు. ఈ తేడా తెలియక చేరితే డబ్బు, కాలం రెండూ వృథా కాగలవు.

రెండింటికీ తేడా ఏమిటి?

అమెరికాలో ‘డాక్టర్‌ ఆఫ్‌ పబ్లిక్‌ అడ్మినిస్ట్రేషన్‌’ (డీపీఏ) అనే పట్టా ఉంది. పెన్సిల్వేనియాలోని వెస్ట్‌ చెస్టర్‌, కాలిఫోర్నియాలోని లా వెర్న్‌ విశ్వవిద్యాలయాలు దీనిని నడుపుతున్నాయి. ఇది ప్రధానంగా ఉద్యోగంలో కుదురుకున్న అధికారులకు ఉద్దేశించినది. తమ శాఖలో ఎదురైన సమస్యను తీసుకుని, దానికి పరిష్కారం చూపడం ఇందులో ముఖ్యం. పీహెచ్‌డీలో శాస్త్రానికి కొత్త జ్ఞానం చేర్చడం ప్రధానం.

సీమలో ఈ శాస్త్రంలో పరిశోధనకు ఉన్న దారి పీహెచ్‌డీయే. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర (1954), అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ (1981) విశ్వవిద్యాలయాల్లో రాజనీతి, ప్రభుత్వ పాలనాశాస్త్ర విభాగాలున్నాయి. కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ఏ ఏడాది ఏ సబ్జెక్టులో, ఏ పర్యవేక్షకుని వద్ద ఖాళీలున్నాయో ప్రవేశ ప్రకటనలో చూసుకున్నాకే దరఖాస్తు చేయాలి.

అర్హతలు ఇవీ..

యూజీసీ 2022 నవంబరులో వెలువరించిన నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్‌ క్రీమీలేయర్‌ ఓబీసీ, దివ్యాంగ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వారికి 5 శాతం సడలింపు ఉంది. రాష్ట్రంలో ఉన్నత విద్యామండలి తరఫున నిర్వహించే ఏపీఆర్‌సెట్‌ ద్వారా ప్రవేశాలు జరుగుతున్నాయి. యూజీసీ నెట్‌ స్కోరును కూడా పీహెచ్‌డీ ప్రవేశాలకు పరిగణించవచ్చని 2024లో నిర్ణయించారు.

పరిశోధన కాలం కనీసం 3, గరిష్ఠంగా 6 ఏళ్లు. విశ్వవిద్యాలయం అనుమతిస్తే మరో 2 ఏళ్లు పొడిగింపు లభిస్తుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం గలవారికి ఆపై మరో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది.

ఉద్యోగులకు అసలు మెలిక

ఉద్యోగులు పార్ట్‌టైమ్‌ విధానంలో చేరవచ్చు. దీనికి కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అందులో 3 అంశాలుండాలి. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఇస్తున్నామని, ఉద్యోగ విధులు పరిశోధనకు తగినంత సమయం మిగుల్చుతాయని, అవసరమైతే కోర్సువర్క్‌ పూర్తికి విధుల నుంచి విడిచిపెడతామని అధికారి రాసి ఇవ్వాలి. ఎన్నికలు, సర్వేలు, కరవు సహాయక పనులు ఒకదాని వెంట ఒకటి వచ్చే రెవెన్యూ, పంచాయతీరాజ్‌ శాఖల్లో మూడో హామీ దొరకడం తేలిక కాదు. చేరడానికి ముందే పైఅధికారితో మాట్లాడుకోవడం మేలు.

కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు. పరిశోధన నైతికత అందులో భాగం. ప్రతి సెమిస్టరులోనూ సలహా సంఘం ముందు పురోగతి వివరించాలి. సిద్ధాంత గ్రంథాన్ని పర్యవేక్షకునితో పాటు కనీసం ఇద్దరు బయటి నిపుణులు పరిశీలిస్తారు. మౌఖిక పరీక్ష ఆ తర్వాతే.

ఆన్‌లైన్‌ పట్టాలతో జాగ్రత్త

దూరవిద్య, ఆన్‌లైన్‌ విధానాల్లో పీహెచ్‌డీ నిర్వహించడం యూజీసీ నిబంధనలకు విరుద్ధం. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఆన్‌లైన్‌ పీహెచ్‌డీ ఇప్పిస్తామంటూ విద్యా సాంకేతిక సంస్థలు చేసే ప్రచారాన్ని నమ్మవద్దని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులో హెచ్చరించాయి. డబ్బు కట్టకముందే ఆ సంస్థకు పట్టా ఇచ్చే అధికారం ఉన్నదీ లేనిదీ విచారించుకోవాలి. డాక్టరేట్‌ వచ్చినంత మాత్రాన పదోన్నతి రాదన్నదీ గుర్తుంచుకోవాలి. ఏపీపీఎస్సీ నిర్వహించే శాఖాపరమైన పరీక్షల దారి వేరు.

పరిశోధనాంశాలు ముంగిట్లోనే

అంశం కోసం దూరం పోనక్కరలేదు. 1876-78 మహా కరవు కర్నూలు, కడప ప్రాంతాలను కుదిపేసింది. ఆ తర్వాతే 1880లో కరవు కమిషన్‌ నివేదిక, దానివెంట కరవు నియమావళి వచ్చాయి. నేటికీ ఒక మండలాన్ని కరవు మండలంగా ప్రకటించే తీరు, ఆ ప్రకటనకూ రైతు చేతికి సాయం అందడానికీ నడుమ పట్టే కాలం లోతుగా శోధించదగ్గవి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు కేసీ కాలువ చివరి ఆయకట్టుకు ఏపాటి మేలు చేశాయన్నది మరో ప్రశ్న. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు, 2022 ఏప్రిల్‌ 4న జరిగిన జిల్లాల విభజన ప్రజల వ్యయప్రయాసలను తగ్గించాయా, పెంచాయా అన్నదీ తేలవలసిందే.

కొలువులో ఉండి గ్రంథరచన చేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సివిల్‌ సర్వీసు అధికారి గ్రిబుల్‌ 1875లో కడప జిల్లా మాన్యువల్‌ను, డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్‌ను వెలువరించారు. చరిత్రకారులు నేటికీ వాటిని తిరగేస్తున్నారు.

ఒక్క హెచ్చరిక. కార్యాలయ దస్త్రాలు చేతిలో ఉన్నాయి కదా అని వాడుకోరాదు. లిఖితపూర్వక అనుమతి పొందాలి, లేదా సమాచార హక్కు చట్టం (2005) కింద దరఖాస్తు చేయాలి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. తమ శాఖ లోపాన్ని తామే రాయవలసి వచ్చినపుడు ఈ కాగితమే పరిశోధకునికి అండ.