ఎండను కొలిచే నల్ల బొడిపె

ఆటోమేటిక్ ఏసీ ఉన్న చాలా కార్లలో ముందు అద్దం దగ్గర, డ్యాష్‌బోర్డు మీద బొత్తాం అంత నల్ల బొడిపె ఒకటి కనిపిస్తుంది. అలారం లైటేమో అనుకుని వదిలేస్తాం. అది సన్‌లోడ్ సెన్సర్. ఎండ ఎంత పడుతోందో ఏసీ కంప్యూటర్‌కి చెప్పడం దాని పని.

గాలి వేడిని కొలిచే సెన్సర్ లోపల వేరే ఉంది కదా, మళ్లీ ఇదెందుకు? రోహిణీ కార్తె మధ్యాహ్నం కారులో గాలి 24 డిగ్రీలే ఉన్నా, కిటికీ పక్కనున్న మోచెయ్యి చురుక్కుమంటూనే ఉంటుంది. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. అందులో చాలా భాగం అద్దంలోంచి నేరుగా ఒంటి మీదికీ సీట్ల మీదికీ వచ్చేస్తుంది. గాలి వేడెక్కి ఆ సంగతి లోపలి సెన్సర్‌కి తెలిసేసరికి మనకి చెమటలు పట్టేసి ఉంటాయి. ఆ ఆలస్యం లేకుండా, ఎండ పడగానే కబురు అందించడానికే ఈ బొడిపె.

కాంతిని చూసే పరికరం డ్యాష్‌బోర్డుకి కొత్త కాదు. ఎదురుగా వచ్చే బండి వెలుగు చూసి హెడ్‌లైట్లను తానే డిమ్ చేసే ‘ఆట్రానిక్ ఐ’ని జనరల్ మోటార్స్ 1952లోనే తెచ్చింది. 1964లో క్యాడిలాక్ కార్లకు ‘కంఫర్ట్ కంట్రోల్’ వచ్చింది. ఒకసారి ఉష్ణోగ్రత పెట్టి వదిలేస్తే వేడిగాలినీ చల్లగాలినీ అదే కలుపుకునేది. ఈ రెండు తెలివితేటలూ కలిసిన చోట పుట్టింది సన్‌లోడ్ సెన్సర్.

దాని అసలు వంశం మాత్రం ఇంకా పాతది. ఆ వంశంలో ఇద్దరిని తప్పకుండా తలుచుకోవాలి. వెలుగుకీ కరెంటుకీ సంబంధం ఉందన్న జ్ఞానం ఇద్దరికీ ఒక లోపం రూపంలోనే ఎదురైంది.

మొదటివాడు విల్లోబీ స్మిత్, ఇంగ్లండులో సముద్రగర్భ టెలిగ్రాఫ్ కేబుళ్ల ఇంజనీరు. కేబుల్ వేస్తున్నంతసేపూ దాన్ని పరీక్షిస్తూ ఉండటానికి ఆయనకి చాలా ఎక్కువ నిరోధం ఉన్న పదార్థం కావాల్సి వచ్చింది. సెలీనియం కడ్డీలు తెప్పించాడు. 5 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరో ఒకటిన్నరో మందం. ఒక్కో కడ్డీని గాజు గొట్టంలో పెట్టి మూసేసి, రెండు కొసల నుంచీ ప్లాటినం తీగలు బయటికి తీశారు. తీరా కొలిస్తే ఒకసారి వచ్చిన అంకె మరోసారి రాలేదు. కొలిచే సాధనమే నిలకడగా లేకపోతే కేబుల్ సంగతి ఏం తేలుతుంది? కడ్డీలను జరుపుడు మూత ఉన్న పెట్టెలో పెట్టి చూశారు. మూత వేస్తే నిరోధం బాగా పెరిగి స్థిరంగా నిలిచింది. తీస్తే ఆ క్షణంలోనే పడిపోయింది. ఎంత వెలుగైతే అంత తగ్గుదల. 1873లో స్మిత్ ఈ సంగతి ఉత్తరం రాసి లోకానికి చెప్పాడు.

రెండోవాడు రస్సెల్ ఓల్, అమెరికాలో బెల్ ల్యాబ్స్ మనిషి. రేడియో తరంగాలను పట్టే స్ఫటికాల కోసం సిలికాన్ మీద పనిచేసేవాడు. 1940 ఫిబ్రవరిలో నెర్రె విచ్చిన సిలికాన్ ముక్క ఒకటి ఆయన్ని తికమక పెట్టింది. దీపం వెలుగు పడితే చాలు, దాని కొసల మధ్య అర వోల్టు దాకా పుడుతోంది. ఆరా తీస్తే, ఆ ముక్కలో ఒక వైపు ఒక రకం మలినాలూ మరోవైపు ఇంకో రకం మలినాలూ చేరాయని తేలింది. పీ-ఎన్ జంక్షన్ అలా బయటపడింది. మన డ్యాష్‌బోర్డు బొడిపెలో ఉన్న ఫోటోడయోడ్ ఆ ముక్కకి వారసురాలే. పగుళ్లున్న ముక్కని చెత్తబుట్టలో వేయకుండా కూర్చుని కొలిచిన ఆ ఓపికంటే నాకు ఎంతో గౌరవం.

ఇక ఈ సెన్సర్‌కి వచ్చే రోగాల సంగతి. ఒక రకం సర్క్యూట్‌లో కంప్యూటర్ ఒక రెసిస్టర్ ద్వారా ఫోటోడయోడ్‌కి 5 వోల్టులు పంపుతుంది. చీకట్లో డయోడ్ కరెంటు పారనివ్వదు కాబట్టి వోల్టేజి పైనే ఉంటుంది. ఎండ పెరిగేకొద్దీ కరెంటు పారి వోల్టేజి దిగుతుంది. ఇప్పుడు వైరు తెగిందనుకోండి. కరెంటు లేదు, వోల్టేజి పైనే. కంప్యూటర్‌కి అది అచ్చం అర్ధరాత్రి. అదే వైరు ఎర్త్‌కి తగిలితే వోల్టేజి సున్నా. అది మాడ్చేసే ఎండ, వెన్నెల రాత్రయినా సరే! మొదటి రోగంలో మధ్యాహ్నం పూట బ్లోయర్ నీరసంగా తిరుగుతుంది. రెండోదాంట్లో రాత్రిపూట వణుకు పుట్టిస్తుంది. కొన్ని కంపెనీల సర్క్యూట్ దీనికి తలకిందులుగా ఉంటుంది కనుక, కొలిచేముందు ఆ మోడల్ మాన్యువల్ చూసుకోవాలి.

చల్లదనం చాలట్లేదనగానే మన షెడ్లలో ముందు గ్యాస్ నింపుతారు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఉష్ణోగ్రతను పూర్తిగా ‘లో’కి తిప్పి, బ్లోయర్‌ని చేత్తో పెంచి చూడాలి. అప్పుడు గాలి గట్టిగా, చల్లగా వస్తే గ్యాసూ కంప్రెసరూ బాగున్నట్టే. అనుమానించాల్సింది సెన్సర్లనీ వాటి వైరింగ్‌నీ.

స్కానర్ పెడితే కోడ్ వస్తుంది కదా అంటారు. అక్కడే పెద్ద మోసం ఉంది. నిస్సాన్ కార్ల స్వయంపరీక్షలో సన్‌లోడ్ సెన్సర్‌ది కోడ్ 25, పాత టయోటాల్లో 21. నీడపట్టున షెడ్డులో పరీక్షిస్తే నిక్షేపంలాంటి సెన్సర్‌కి కూడా ఆ కోడ్ వచ్చేస్తుంది, చీకటికీ తెగిన వైరుకీ కంప్యూటర్‌కి తేడా తెలియదు కాబట్టి. అందుకే బండిని ఎండలోకి తీయమనీ, లేదంటే 60 వాట్ల బల్బు దగ్గరగా పట్టమనీ మాన్యువళ్లు చెబుతాయి. ఆ బల్బు ఫిలమెంటుదై ఉండాలి. సిలికాన్‌కి కంటికి కనిపించే వెలుగు కన్నా పరారుణ కిరణాలే బాగా ఆనతాయి. పైనున్న నల్ల ప్లాస్టిక్ కూడా చాలా సెన్సర్లలో ఆ కిరణాలనే లోపలికి వదులుతుంది. ఎల్‌ఈడీ టార్చిలో అవి దాదాపు ఉండవు. ఫోన్ లైటు వేసి, స్కానర్‌లో సెన్సర్ అంకె కదల్లేదని మంచి సెన్సర్‌ని పీకేస్తే ఎంత అన్యాయం!

ఫిలమెంటు బల్బు వెలుగులో అంకె చూడాలి, మందపాటి గుడ్డ కప్పి మళ్లీ చూడాలి. స్మిత్ పెట్టె మూత చేసిన పని ఇదే. అంకె కదిలితే సెన్సర్ బతికే ఉంది. కదలకపోతే కనెక్టర్ ఊడదీసి 5 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడాలి. అవి రాకపోతే తప్పు వైరుదో కంప్యూటర్‌దో అవుతుంది. అన్నిటికన్నా ముందు, బొడిపె మీద ఏముందో చూడండి. మన బళ్లలో వినాయకుడి బొమ్మో, డ్యాష్‌బోర్డు మీద పరిచిన గుడ్డో, టోల్ రసీదో దాన్ని కప్పేసి ఉండటం చాలా మామూలు.

ఈ పరీక్షలో గాలి మారుతుందేమోనని వెంటు దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చోవద్దు. చెట్ల నీడలు వచ్చిపోతున్నప్పుడల్లా బ్లోయర్ ఎగిరిపడకుండా, కంప్యూటర్ కొంతసేపటి రీడింగుల సగటు తీసుకుంటుంది. అంకెలో వెంటనే తెలిసేది గాలిలో ఆలస్యంగా తెలుస్తుంది. సెన్సర్ మార్చాల్సే వస్తే, పాతదాన్ని పైకి లాగగానే దాని కనెక్టర్‌కి దారం కట్టండి. అది డ్యాష్‌బోర్డు లోపలికి జారితే పది నిమిషాల పని పూటంతా పడుతుంది.