ప్రేక్షకుడు రంగమెక్కుట: రియో నగరపు నాటకప్రయోగము

మన ఆలంకారికులు నాటకము చూచువానిని ‘సామాజికు’డనిరి. సమాజమనగా సభ, సభలోనివాడు సామాజికుడు. అతడు రసము ననుభవించునే గాని కథను మార్చడు. అంతేకాదు, అభినవగుప్తుడు ఏడు రసవిఘ్నములను పేర్కొనుచు, చూచువాడు తన సొంత సుఖదుఃఖములకు వశుడగుటను వానిలో నొకటిగా గణించెను. బ్రెజిలు దేశపు నాటకకర్త అగస్టో బోవాల్ (1931–2009) ఈ విఘ్నమునే తన నాటకమునకు మూలధనము గావించుకొనెను. ఆ పద్ధతిని, రియో డి జనీరో నగరమున దానివలన కలిగిన ఫలమును ఇచట వివరింతుము.

1971లో సైనికప్రభుత్వముచే నిర్బంధింపబడి, పిమ్మట దేశము విడిచిన బోవాల్, 1973లో పెరూలోని అక్షరాస్యతోద్యమమున పనిచేసెను. అప్పటికి ఆయన ప్రేక్షకులను సలహా లడిగి, వానిని నటులచే ఆడించుచుండెడివాడు. ఒకనాడొక స్త్రీ, తాను చెప్పినదొకటి, రంగముమీద జరుగుచున్నదొకటియని పలుమారు లాక్షేపించి, తుదకు తానే రంగమెక్కినదని ఆయన వ్రాసికొనెను. ‘ఫోరం థియేటర్’ అట్లు పుట్టినది.

ఇందు మొదట పీడితపాత్ర ఓడిపోవు చిన్న నాటకమొకటి ఆడుదురు. దానినే మరల ఆడునపుడు ప్రేక్షకులలో నెవరైనను ‘ఆగుడు’ అని, ఆ పాత్రను తాము గ్రహించి వేరొక త్రోవ త్రొక్కవచ్చును. నడిపించువానికి ‘కురింగ’ అని పేరు. మన సూత్రధారునకు చుట్టమే గాని సూత్రము అతని చేతిలో నుండదు. మా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణము రంగమెక్కినవాడు కాడు, అతని కెదురు నిలిచిన నటుడు. అధికారి పాత్రధారి సులభముగా లొంగడు. నిజజీవితమున అధికారి చెప్పు సాకులన్నియు చెప్పును. ‘మా వీధి ఇట్లుండవలెను’ అని కోరుట ఎవరికైనను శక్యమే. ఆ కోరికకు ఎక్కడ అడ్డు తగులునో రంగముమీద తెలియును. కల్పన యనదగినది అప్పుడే మొదలగును.

1986లో స్వదేశమునకు మరలిన బోవాల్ 1992లో రియో నగరసభకు ఎన్నికయ్యెను. 1993 నుండి 1996 వరకు ఆయన కార్యాలయమునకు అనుబంధముగా వృద్ధులు, అంధులు, మురికివాడల జనులు మున్నగువారి బృందములు తమ తమ ఇబ్బందులను నాటకములుగా ఆడెను. రంగముమీద వచ్చిన సూచనలను వ్రాసి పంపగా, న్యాయవాదులు వానిని చిత్తుచట్టములుగా మలచిరి. అట్లు 13 చట్టములు వెలువడెను. నగరపాలక వైద్యశాలలలో వృద్ధుల చికిత్సయందు ప్రత్యేకశిక్షణ గల వైద్యులుండవలెనన్నది వానిలో మొదటిది. అంధుల సూచన యొకటి విశేషముగా గమనింపదగినది. ఆ నగరపు వీధి టెలిఫోనులు స్తంభములకు పెద్ద చిప్పలవలె వ్రేలాడుచుండెడివి. అంధుని చేతికర్రకు క్రింది స్తంభము తగులుటకు ముందే పై చిప్ప తలకు తగులును. టెలిఫోను క్రింద నేలపై ఎత్తుగా మెట్టు కట్టినచో కర్ర దానిని ముందే పసిగట్టును. చూపున్నవాడు నగరమును ఎంత ఊహించినను ఈ మెట్టు అతనికి తోచదు.

1996 ఎన్నికలో బోవాల్ ఓడిపోయెను. పద్ధతి మాత్రము పెక్కు దేశములకు ప్రాకినది. మన దేశమున 1985లో స్థాపితమైన జనసంస్కృతి సంస్థ దీనిని పశ్చిమవంగ గ్రామములకు కొనిపోయినది.

ఇది నాట్యమా, పౌరసభయా అని సందేహము కలుగుట సహజము. తన బాధను మరచి చూచుటయే రసమునకు దారియైనచో ఇందు రసము లేదనవలసినదే. దానిని కప్పిపుచ్చ నక్కరలేదని మా తలంపు. పరిశోధకునకు మరియొక చిక్కు గలదు. ప్రతి ప్రదర్శనమునను కథ మారును గనుక దేనిని పాఠ్యముగా గైకొనవలెను? రియోలో బృందములు వ్రాసి పంపిన సూచనల సంగ్రహములు నాటకప్రతికంటె ముందు పరిశీలింపదగినవి. ఎవరు రంగమెక్కిరో, ఏమి చేసిరో, ఎచట ఓడిరో వానియందే తెలియును.