నమూనా విమానము – రెండవ నిప్పు

హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు జాతీయ రహదారి పాలమూరు మెట్టభూములలో జడ్చర్లను దాటి దక్షిణమునకు సాగును. ఈ దారికి ఒక కొసను, హైదరాబాదులో, మిశ్రధాతు నిగమము కలదు. 1973లో స్థాపింపబడిన ఆ సంస్థలో తీవ్రమైన వేడిమికి ఓర్చు మిశ్రలోహములు తయారగుచున్నవి. రెండవ కొసను, బెంగుళూరులో, విమానముల ఇంజనులను గూర్చి పరిశోధించు గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ కలదు. ఒకచోట నిప్పునకు ఓర్చు లోహము పుట్టును. మరియొకచోట నిప్పును లోహములో బంధించు విద్య సాగును. ఈ రెండింటికి నడుమనున్న జడ్చర్ల బడిలో చదువు బాలుడో బాలికయో అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. రేడియో సంకేతములతో నేలనుండి నడుపు చిన్న జెట్ విమానమునకు, యుద్ధవిమానమునకు వలెనే, తోకలో రెండవ మంటను అమర్చవచ్చునా?

అమర్చవచ్చును. కాని ఆ మంట కనబడుట వేరు, పనిచేయుట వేరు. ఈ భేదమును గ్రహించినవాడు భౌతికశాస్త్రములో ఒక మంచి పాఠమును నేర్చినవాడగును.

జెట్ ఇంజను మూలసూత్రము సులభమైనది. ముందున్న కంప్రెసరు చక్రము గాలిని పీల్చి నొక్కును. నడిమి గదిలో ఆ గాలియందు కిరసనాయిలు మండును. వేడెక్కి విస్తరించిన వాయువు టర్బైను చక్రమును త్రిప్పి, వెనుక గొట్టము గుండ వేగముగా బయటికి దూకును. వాయువు వెనుకకు దూకుటచేత విమానము ముందునకు త్రోయబడును. టర్బైను తిరుగుటచేత అదే ఇరుసుపైనున్న కంప్రెసరు తిరుగును. కమ్మరి కొలిమికి తిత్తి ఊదువాడు వేరుగా నుండవలెను. ఇక్కడ కొలిమియే తన తిత్తిని తాను ఊదుకొనును.

బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ ఈ ఊహకు 1930లో పేటెంటు కోరెను. ఆయన ఇంజను 1937లో నేలపై తిరిగెను. 1941లో విమానమును ఎగురవేసెను. అదే దేశములో, 1983లో, జెట్ టర్బైనుతో నమూనా విమానము ఎగిరెను. తరువాత జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ అను ఔత్సాహికుడు ఇంటి పనిముట్లతో చేయదగిన చిన్న ఇంజనును రూపొందించి, దానిని గూర్చి పుస్తకము వ్రాసెను. ఆయన కంప్రెసరు చక్రము కొయ్యది. పగిలిపోకుండ దాని చుట్టు కార్బను నార చుట్టబడినది. జెట్ ఇంజనులో కొయ్య చక్రమా యని ఆశ్చర్యపడనక్కరలేదు. కంప్రెసరు నిప్పునకు ముందుండును. దానికి సోకునది గాలియే గాని మంట కాదు.

ఇక రెండవ మంట సంగతి. ఒక పాలు కిరసనాయిలు పూర్తిగా మండుటకు తూకమున పదునైదు పాళ్ళ గాలి చాలును. చిన్న ఇంజనులో ఏబది, అరువది పాళ్ళ గాలి ప్రవహించును. అంత గాలి లేనిచో మంట వేడికి టర్బైను రేకులు కరగిపోవును. కావున ఇంజనునుండి వెలువడు వాయువులో ప్రాణవాయువు సుమారు ముప్పాతిక పాలు వాడబడక మిగిలియుండును. టర్బైనును దాటిన పిమ్మట ఆ వాయువులో మరల నూనె చిమ్మి మండించినచో, తిరుగు చక్రములకు కీడు లేకుండ త్రోపుబలము పెరుగును. ఈ పరికరమునే ఆఫ్టర్‌బర్నరు అందురు. బ్రిటిషువారు రీహీట్ అందురు.

దీని లెక్క సరళమే. వాయువు పరమోష్ణోగ్రత 900 నుండి 1800 డిగ్రీలకు, అనగా రెట్టింపునకు, పెరిగినచో వేగము రెట్టింపు కాదు. రెండు యొక్క వర్గమూలమంత, అనగా 1.41 రెట్లు మాత్రమే యగును. నష్టములు లేకున్నను నూటికి నలుబది పాళ్ళ బలమే అదనము. అందుకై వ్యయమగు నూనె మొత్తము రెట్టింపునకు మించును. ఇట్టి దుబారా ఏల? ఎగురు క్షణమున, శబ్దవేగమును దాటునప్పుడు, శత్రువునుండి తప్పుకొనునప్పుడు కొలది నిమిషముల బలము ప్రాణమంత విలువ గలదగును. అందుకే యుద్ధవిమానములు దానిని పొదుపుగా వాడుకొనును.

నమూనాకారుని కష్టము ఇక్కడనే ఆరంభమగును. విమానమును పదవ వంతునకు కుదించినచో రెక్క తగ్గును, చక్రము తగ్గును, గొట్టము తగ్గును. కిరసనాయిలు స్వభావము మాత్రము తగ్గదు. అది ఆవిరియగుటకు, గాలితో కలియుటకు, అంటుకొని మండుటకు తన కాలము తాను తీసికొనును. వాయువు సెకనుకు 150 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. రెండు మీటర్ల గొట్టమును దాటుటకు దానికి సెకనులో 75వ వంతు పట్టును. ముప్పది సెంటీమీటర్ల గొట్టమును దాటుటకు 500వ వంతే పట్టును. అంతలో నూనె మండి ముగియవలెను. ముగియనిచో మంట గొట్టము వెలుపల మండును. చూపరులు చప్పట్లు కొట్టుదురు. కాని వెలుపల మండిన నూనె విమానమును ముందునకు త్రోయదు. తోక వెనుక దీపావళి చేయును.

ఈ చిక్కునకు విడుపులు మన ఇండ్లలో ఎరిగినవే. పంపు స్టవ్వులో కిరసనాయిలు ముందుగా కాలిన గొట్టము గుండ పోయి, ఆవిరియై, నీలిమంటగా మండును. చిన్న ఇంజనులలోను నూనెను వేడి గొట్టములలో ఆవిరిచేసి మండించు పద్ధతి కలదు. వెనుక మంటకు కూడ అదియే ఉపాయము. ఇక గాలిలో దీపమును కొనిపోవు ఇల్లాలు అరచేతిని అడ్డుపెట్టును. ఆ చేతి చాటున గాలి నెమ్మదించి దీపము నిలుచును. ఆఫ్టర్‌బర్నరులో గొట్టము నడుమ, కోణాకారముగా వంచిన రేకు కట్టు ఆ అరచేతి పని చేయును. దాని చాటున వాయువు సుడి తిరుగును. ఆ సుడిలో ఒక చిన్న మంట ఆరక నిలిచి, ప్రక్కగా పోవు నూనె యావిరిని అంటించుచుండును. దీనికి ముందే గొట్టమును కొంత వెడల్పు చేసి వాయువేగమును తగ్గింతురు.

మూడవ చిక్కు గొట్టము చివరి మూతిలో నున్నది. వేడెక్కిన వాయువునకు ఎక్కువ చోటు కావలెను. మూతి మునుపటంతయే యున్నచో వాయువు వెనుకకు ఒత్తుకొనును. అప్పుడు టర్బైను మితిమీరి వేడెక్కును. కంప్రెసరులో గాలి తడబడును. కావున మంట వెలిగినప్పుడు మూతి తెరచుకొని, ఆరినప్పుడు ముడుచుకొనవలెను. యుద్ధవిమానములలో రేకులు పూవువలె విచ్చి ముడుచుకొనుట ఇందులకే. చిన్న గొట్టమునకు ఇట్టి మూతిని చేయుట నగల పనివాని నేర్పును కోరును. ఎర్రగా కాగినప్పుడును అది బిగుసుకొనరాదు.

కావున నమూనా ఆఫ్టర్‌బర్నరు నిజముగా పనిచేయుచున్నదా యని తేల్చుటకు కన్ను చాలదు, కాటా కావలెను. ఇంజనును బండిపై బిగించి, స్ప్రింగుకాటాతో మూడు తూకములు తూచవలెను. మొదటిది, ఇంజను ఒక్కటే యున్నప్పటి త్రోపు. రెండవది, గొట్టము తగిలించి మంట వెలిగింపనప్పటిది. గొట్టములోని రాపిడి వలన, అడ్డుకట్టుల వలన ఇది మొదటిదానికంటె తగ్గును. మూడవది, మంట వెలిగినప్పటిది. మూడవ తూకమును రెండవదానితో పోల్చి సంతోషించుట ఆత్మవంచన. మొదటిదానిని మించి, గొట్టపు బరువును, అదనపు నూనె బరువును కూడ మోసినప్పుడే అది లాభము.

ఈ లెక్క ఆటవస్తువులకే పరిమితము కాదు. మనదేశపు తొలి జెట్ యుద్ధవిమానమగు మారుత్, జర్మన్ రూపశిల్పి కుర్ట్ టాంక్ ఆధ్వర్యమున బెంగుళూరులో తయారై, 1961 జూన్ 17న సురంజన్ దాస్ చేతులలో తొలిసారి ఎగిరెను. దానిలోని రెండు ఆర్ఫియస్ ఇంజనులు ఒక్కొక్కటి 4,850 పౌనుల త్రోపు గలవి. విమానపు రూపము కోరిన వేగమునకు ఆ బలము చాలలేదు. బెంగుళూరు పరిశోధకులు ఆ ఇంజనులకు రీహీట్ అమర్చ పూనుకొని, త్రోపును నూటికి సుమారు పదునెనిమిది పాళ్ళు పెంచిరి. 1970 జనవరి 10న రీహీట్ ఇంజనులు గల ప్రయోగ విమానము కూలిపోగా గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ మరణించెను. బెంగుళూరులో ఒక రహదారి నేటికిని ఆయన పేర నిలిచియున్నది. మారుత్ రీహీట్ లేకయే 1971 యుద్ధమున రాజస్థాన సరిహద్దులో పోరాడెను.

తరువాత 1989లో కావేరి ఇంజను పథకము మంజూరయ్యెను. రెండవ మంట లేక 52, మంటతో 81 కిలోన్యూటనుల త్రోపు దాని లక్ష్యము. 2008లో దానిని తేజస్ విమానమునుండి వేరుచేసిరి. తేజస్ అమెరికా ఇంజనుతో ఎగురుచున్నది. కావేరి 2010లో రష్యాలో పెద్ద రవాణా విమానమునకు తగిలింపబడి ఆకాశమున పరీక్షింపబడెను. ఇన్ని దశాబ్దముల కృషి యేల కావలసివచ్చెను? మంటను వెలిగించుట కష్టము కాదు. దానిని కంపింపనీయక నిలుపుట, గొట్టమును కాల్చనీయక చల్లబరచుట, దానికి ఓర్చు లోహమును పోతపోయుట కష్టము. అందుకే ఇంజనుల విద్యకు లోహముల విద్య తోడు కావలసియున్నది. మన హైదరాబాదులోని లోహ పరిశోధనాలయము టర్బైను రేకులను ఒకే స్ఫటికముగా పోతపోయు విద్యను సాధించుట ఆ త్రోవలోని అడుగే.

పాఠశాలలో ఈ పాఠమును చెప్పదలచిన ఉపాధ్యాయునకు జెట్ ఇంజను అక్కరలేదు. దీపము, అడ్డుపెట్టిన రేకు, విసనకఱ్ఱ, స్ప్రింగుకాటా చాలును. రేకు చాటున దీపము ఎంత గాలికి నిలుచునో పిల్లలు కొలిచి చూతురు. అసలు మంటను మాత్రము పిల్లలు ఒంటరిగా ముట్టరాదు. నిమిషమునకు లక్షసార్లు తిరుగు చక్రము విరిగినచో తూటావలె దూసుకొనివచ్చును. ఎండిన పాలమూరు చేలలో ఒక్క నిప్పురవ్వ ఎకరములను కాల్చగలదు. అనుభవము గల పెద్దల యెదుట, నిప్పునార్పు సాధనములు దగ్గర నుంచుకొని మాత్రమే చేయదగిన పని యది.

విమానమును మనిషి తన చేతికి తగినట్లు కుదించుకొనగలడు. నిప్పు మాత్రము ఎవరి చేతికిని కుదించుకొనదు. దాని నియమములను తెలిసికొని, తన పనిని దానికి తగినట్లు దిద్దుకొన్నవానికే అది లోబడును. తోక వెనుక ఎఱ్ఱని జ్వాలను చూచి మురిసిపోక, కాటా ముల్లువైపు చూచు విద్యార్థులు జడ్చర్ల బడిలో నలుగురున్నను, ఈ రహదారి రెండు కొసల సాగు పనికి రేపటి చేతులు సిద్ధమగుచున్నట్లే.